మందు పొడి ఏ స్ఫటికంలో ఉండాలి? చేతిలో 2 గ్రాములున్నప్పుడే తేల్చాల్సిన లెక్క

నెయ్యి కాచి గిన్నెను పొయ్యి పక్కన వదిలేస్తే మర్నాటికి పూసపూసగా పేరుకుంటుంది. అదే గిన్నెను వేడి మీదే ఫ్రిజ్‌లోకి తోస్తే మైనంలా గట్టిపడుతుంది తప్ప పూస కట్టదు. నెయ్యి అదే, చల్లారిన తీరు మారింది. దాంతో కొవ్వు అణువులు సర్దుకున్న తీరూ మారింది. మందు పొడి విషయంలోనూ ఇదే జరుగుతుంది. నెయ్యి పూస కట్టకపోతే పోయేది రుచే. మందు వేరే పేర్పులోకి వెళ్తే మాత్ర కడుపులో కరగకపోవచ్చు.

ఒకే అణువు వేర్వేరు పేర్పుల్లో స్ఫటికమైతే వాటిని పాలిమార్ఫ్‌లంటారు. పేర్పులో నీరు చేరితే హైడ్రేట్, మరో సాల్వెంట్ (కరిగించే ద్రవం) చేరితే సాల్వేట్. ఆమ్లంతోనో క్షారంతోనో అయాన్ల జత కట్టిస్తే సాల్ట్. అయాన్లుగా మారకుండానే రెండు రకాల అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకే జాలకంలో, అంటే ఒకే పేర్పు చట్రంలో కూర్చుంటే కోక్రిస్టల్. ఏ పేర్పూ లేకుండా గాజులా మిగిలితే అమార్ఫస్. వీటిలో ఏది మాత్రలోకి వెళ్లాలో నిర్ణయించడమే సాలిడ్ ఫామ్ సెలెక్షన్. నిర్ణయించాల్సిన సమయానికి చేతిలో ఉండే పదార్థం చాలా తక్కువ, పైగా అది పూర్తిగా శుద్ధమైనదీ కాదు. తక్కువని అందరూ గోల పెడతారు. శుద్ధి సంగతి చాలామంది పట్టించుకోరు. అసలు దెబ్బ అక్కడే తగులుతుంది.

2 గ్రాముల బడ్జెట్

ఒక ఊహాత్మక అణువును తీసుకుందాం. అణుభారం 400, బలహీన క్షారం, పీకేఏ (ప్రోటాన్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చెప్పే అంకె) 5.2. నీటిలో బేస్, అంటే సాల్ట్ కట్టని క్షారం, కరిగేది మిల్లీలీటరుకు 0.002 మి.గ్రా. మెడిసినల్ కెమిస్ట్రీ విభాగం నుంచి వచ్చింది 2 గ్రాములు, ప్యూరిటీ 96 శాతం.

మొదటి 100 మి.గ్రా. ఉన్న పొడి ఏమిటో తెలుసుకోవడానికే పోతుంది. ఎక్స్-కిరణాలతో పేర్పును పీకుల వరసగా చూపే ఎక్స్‌ఆర్‌డీలో 3 నుంచి 40 డిగ్రీల వరకు ఒక స్కాన్, కరిగే ఉష్ణోగ్రత, పీల్చే వేడి కొలిచే డీఎస్‌సీకి నిమిషానికి 10 డిగ్రీల చొప్పున 3 మి.గ్రా., వేడికి బరువు ఎంత తగ్గుతుందో చూసే టీజీఏకి 5 మి.గ్రా., తేమ పీల్చే గుణం చూసే డీవీఎస్‌కి 15 మి.గ్రా. మిగతాది నీటి శాతం కొలిచే కార్ల్ ఫిషర్ పరీక్షకూ, మైక్రోస్కోపుకూ. మైక్రోస్కోపును చిన్నచూపు చూడొద్దు. క్రాస్ పోలరైజర్ల కింద మెరిస్తే స్ఫటికం, మెరవకపోతే దాదాపు అమార్ఫస్. ఖర్చు ఒక చిటికెడు పొడి, రెండు నిమిషాలు.

తర్వాతి 150 మి.గ్రా. 15 సాల్వెంట్లలో సాల్యుబిలిటీకి (ఎంత కరుగుతుందో చూడటానికి), ఒక్కోదానికి 10 మి.గ్రా. సాల్ట్ స్క్రీనింగ్‌కి 10 ఆమ్లాలు, 3 సాల్వెంట్లు, ఒక్కో వయల్‌లో (చిన్న గాజు సీసాలో) 15 మి.గ్రా.: మొత్తం 450. పాలిమార్ఫ్‌ల కోసం 12 సాల్వెంట్లలో, రెండు ఉష్ణోగ్రతల్లో, 20 మి.గ్రా. చొప్పున స్లర్రీలు (పూర్తిగా కరగని పొడి, ద్రవం కలిసిన ముద్ద): 480. పనికొస్తాయనిపించిన మూడు సాల్ట్‌లను 150 మి.గ్రా. చొప్పున మళ్లీ చేయడానికి 450. అంతా కలిపి 1630. మిగిలిన 370 మి.గ్రా. 40 డిగ్రీలు, 75 శాతం తేమలో నిలకడ చూడటానికి, రూపాల మధ్య పోటీ పెట్టడానికి. ఈ లెక్క ముందే రాసుకోకపోతే మూడో వారానికి సీసా ఖాళీ అవుతుంది, అసలు ప్రశ్న అలాగే మిగులుతుంది.

ఇంత శ్రమ ప్రతి అణువుకీ అక్కర్లేదు. డోసు 1 మి.గ్రా. ఉండి, అది 250 మి.లీ. నీటిలో ఏ పీహెచ్‌లోనైనా కరిగిపోతే, నిలకడగా ఉండే ఒక స్ఫటికం దొరికితే చాలు. మన అణువు అలాంటిది కాదు. 250 మి.లీ.లో కరిగే బేస్ 0.5 మి.గ్రా. మాత్రమే, డోసు 100 మి.గ్రా. అనుకుంటే మిగతా 99.5 ఎక్కడికి పోవాలి?

సాల్ట్ కట్టడం ఒక ఎత్తు, నిలవడం మరో ఎత్తు

బేస్ పీకేఏకీ ఆమ్లం పీకేఏకీ తేడా 3 దాటితే సాల్ట్ అవుతుందని ధీమాగా అనుకోవచ్చు. అంటే ఇక్కడ ఆమ్లం పీకేఏ 2.2 లోపు ఉండాలి. హైడ్రోక్లోరిక్, మీథేన్‌సల్ఫోనిక్, టోలుయిన్‌సల్ఫోనిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు తేలిగ్గా లోపలికొస్తాయి. మాలిక్ కాదు, మాలేయిక్ ఆమ్లం 1.9తో, ఫాస్ఫారిక్ 2.1తో గడప మీద నిలబడతాయి. ఫ్యుమారిక్, టార్టారిక్ ఆమ్లాలు 3 దగ్గర ఉంటాయి కాబట్టి వచ్చేది సాల్టా, కోక్రిస్టలా అన్నది ప్రోటాన్ ఎవరి దగ్గరుందో చూశాకే చెప్పాలి. అందుకు ఎక్స్-కిరణాలతో తీసిన సింగిల్ క్రిస్టల్ నిర్మాణమో, పొడి మీదే చేసే సాలిడ్ స్టేట్ ఎన్‌ఎంఆర్ పరీక్షో కావాలి. ఏ సమూహం ఏ సమూహంతో హైడ్రోజన్ బంధంతో చేయి కలుపుతుందో ముందే ఊహించి స్ఫటికాన్ని కట్టే విద్యను క్రిస్టల్ ఇంజనీరింగ్ అంటారు. దీనికి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో గౌతమ్ దేశిరాజు, అశ్విని నాంగియా చేసిన పని ప్రపంచమంతా చదువుకుంటున్నదే.

వయల్ స్థాయిలో పని ఇలా సాగుతుంది. 15 మి.గ్రా. బేస్ అంటే 0.0375 మిల్లీమోల్. దానికి 1.05 ఈక్వివలెంట్ల ఆమ్లం (అణువుకు అణువు లెక్కన 5 శాతం ఎక్కువ) కావాలంటే 0.5 మోలార్ ద్రావణం 79 మైక్రోలీటర్లు. బేస్‌ను 50 డిగ్రీల దగ్గర అసిటోన్‌లోనో ఇథైల్ అసిటేట్‌లోనో కలిపి, ఆమ్లం పోసి, రాత్రంతా తిప్పుతూ నెమ్మదిగా 5 డిగ్రీలకు దించాలి. పొద్దున మూడు రకాల వయల్స్ కనిపిస్తాయి: తెల్లని పొడి, స్పష్టమైన ద్రావణం, అడుగున జిగట. జిగటను పారేయకండి. సాల్వెంట్ తీసేసి హెప్టేన్‌లోనో ఎంటీబీఈ అనే ఈథర్‌లోనో వారం తిప్పితే సగం సార్లు పొడి అవుతుంది.

ఆమ్లం, సాల్వెంట్ జతలో ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. మీథేన్‌సల్ఫోనిక్ ఆమ్లం ఇథనాల్‌తో కలిస్తే ఇథైల్ మెసిలేట్ పుడుతుంది, అది డీఎన్‌ఏను దెబ్బతీసే పదార్థం. 2007లో రోష్ కంపెనీ నెల్ఫినావిర్ మెసిలేట్ అనే హెచ్‌ఐవీ మందును యూరప్ మార్కెట్ నుంచి వెనక్కి పిలవడానికి కారణం ఇదే. ఆమ్లం నిల్వ ట్యాంకును ఇథనాల్‌తో కడిగి సరిగ్గా ఆరబెట్టలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు కలిపిన పాత సీసాలోనూ ఐసోప్రొపైల్ క్లోరైడ్ పెరుగుతుంటుంది. మెసిలేట్ (మీథేన్‌సల్ఫోనిక్ సాల్ట్), టోసిలేట్ (టోలుయిన్‌సల్ఫోనిక్ సాల్ట్) చేయాలంటే ఆల్కహాల్ లేని సాల్వెంట్‌తో మొదలుపెట్టడం మేలు. తర్వాత మార్చడం తలనొప్పి.

బరువు కూడా చూడాలి. 100 మి.గ్రా. బేస్‌కి హైడ్రోక్లోరైడ్ 109 మి.గ్రా., టోసిలేట్ అయితే 143 మి.గ్రా. పెద్ద డోసుల్లో మాత్ర సైజు అక్కడే పెరిగిపోతుంది.

ఇక నిలవడం సంగతి. హైడ్రోక్లోరైడ్ కరిగే గుణం, బేస్ లెక్కలో, మిల్లీలీటరుకు 4 మి.గ్రా. అని తేలిందనుకోండి. బేస్ కన్నా 2000 రెట్లు, చూడటానికి బ్రహ్మాండం. కానీ సాల్ట్ సాల్ట్‌గా నిలిచే గరిష్ఠ పీహెచ్ ఎంత? పీకేఏకి బేస్, సాల్ట్ సాల్యుబిలిటీల నిష్పత్తి లాగరిథమ్ కలపాలి. 0.002ను 4తో భాగిస్తే 0.0005, దాని లాగ్ మైనస్ 3.3. 5.2లోంచి 3.3 పోతే 1.9. పొడి చుట్టూ తేమ పొర పీహెచ్ 1.9 దాటితే సాల్ట్ విడిపోయి బేస్ వైపు జారుతుంది. గమ్మత్తేమిటంటే సాల్ట్ ఎంత బాగా కరిగితే ఈ హద్దు అంత కిందికి పోతుంది. మాత్రలో మెగ్నీషియం స్టియరేట్, క్రాస్‌కార్మెలోస్ సోడియం లాంటి ఎక్సిపియెంట్లు (మందు కాని సహాయక పదార్థాలు) కలిపితే, తేమ తగలగానే అవి పీహెచ్‌ను పైకి లాగుతాయి. ఆరు నెలల స్టెబిలిటీ పరీక్షలో డిసల్యూషన్ (మాత్రలోంచి మందు కరిగే వేగం) పడిపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటి మూలం ఇదే. మందును కరిగించి కొలిచే హెచ్‌పీఎల్‌సీలో ఏమీ కనబడదు, ఎందుకంటే కరిగించాక రెండూ ఒకే అణువు.

కాబట్టి సాల్ట్‌ను ఖాయం చేసేముందే ఒక్కో ఎక్సిపియెంట్‌తో కలిపి, మూత తీసి 40 డిగ్రీలు, 75 శాతం తేమలో రెండు వారాలు పెట్టి, ఎక్స్‌ఆర్‌డీలో బేస్ పీకులు తొంగిచూస్తున్నాయేమో వెతకాలి. కనబడితే మెగ్నీషియం స్టియరేట్ బదులు స్టియరిక్ ఆమ్లమో, సోడియం స్టియరిల్ ఫ్యుమరేటో వాడి, వెట్ గ్రాన్యులేషన్ (పొడిని తడిపి రవ్వగా చేయడం) మానేసి చూడొచ్చు. అప్పటికీ లొంగకపోతే కోక్రిస్టలో, పాలిమర్‌లో అమార్ఫస్ డిస్పర్షనో ఆలోచించాలి. పీకేఏ 5 దగ్గరున్న బేస్‌కి అలవాటుగా హైడ్రోక్లోరైడ్ కట్టేసి ముందుకెళ్లడం నా లెక్కలో జూదం. కడుపులో అప్పటికే క్లోరైడ్ అయాన్లు ఉంటాయి కాబట్టి అక్కడ హైడ్రోక్లోరైడ్ కరగడం ఇంకాస్త తగ్గుతుంది కూడా. మామూలు నీటిలో తీసిన సాల్యుబిలిటీ అంకె ఈ విషయం చెప్పదు.

ఏ రూపం గట్టిది?

గట్టిదంటే ఇక్కడ ఎక్కువ నిలకడైనదని. సాల్ట్ ఎంచుకున్నాక దానికి ఎన్ని పేర్పులున్నాయో వెతకాలి. రెండు రూపాలు దొరికాయనుకుందాం. మొదటిది 158 డిగ్రీల వద్ద కరుగుతుంది, గ్రాముకు 98 జౌల్స్ తీసుకుంటుంది. రెండోది 166 డిగ్రీల వద్ద, 84 జౌల్స్. ఎక్కువ వేడికి కరిగేదే గట్టిదని రెండోదాన్ని ఎంచుకుంటే తప్పులో కాలేసినట్టే. ఎక్కువ ఉష్ణోగ్రత వద్ద కరిగే రూపం తక్కువ ఉష్ణం తీసుకుంటే ఆ జతను ఎనాంటియోట్రోపిక్ అంటారు. ఒక మలుపు ఉష్ణోగ్రత కింద మొదటిది గట్టిది, పైన రెండోది. మలుపు 90 దగ్గర ఉంటే గది ఉష్ణోగ్రతలో మొదటిదే నిలుస్తుంది. మలుపు 35 దగ్గర ఉంటే కష్టాలు వేరు. వేసవిలో లారీలో ఒక రూపం, ఏసీ గోదాములో ఇంకొకటి.

దీన్ని రుజువు చేసే పద్ధతి స్లర్రీ పోటీ. ముందు సాల్వెంట్‌ను అదే పదార్థంతో సంతృప్తం చేసి వడకట్టాలి, లేకపోతే వేసిన పొడి కరిగిపోయి పోటీయే ఉండదు. అర మిల్లీలీటరు ద్రావణంలో రెండు రూపాలు 30 మి.గ్రా. చొప్పున వేసి 5, 25, 50 డిగ్రీల్లో తిప్పాలి. ఒకటో రోజు, మూడో రోజు, ఏడో రోజు నమూనా తీయాలి. పదార్థం మిల్లీలీటరుకు కనీసం 5 మి.గ్రా. అయినా కరిగే సాల్వెంట్ కావాలి. అంతకన్నా తక్కువైతే మార్పు నెలలు పడుతుంది, ఏమీ మారలేదు కాబట్టి రెండూ గట్టివేనని పొరపడతారు. నమూనాను తడిగానే ఎక్స్‌ఆర్‌డీలో పెట్టాలి. ఆరబెడితే సాల్వేట్ కాస్తా చెదిరి మూడో రూపంగా కనబడుతుంది. స్ఫటికాలు సూదుల్లా, రేకుల్లా ఉంటే ప్లేటు మీద పడుకుని కొన్ని పీకులు విపరీతంగా ఎత్తు కనిపిస్తాయి. కొత్త రూపం దొరికిందని సంబరపడకుండా పీకు ఎక్కడుందో చూడండి, ఎత్తు కాదు. పోనీ నూరితే సరిపోతుంది కదా అంటే, నూరడంతోనే రూపం మారే పదార్థాలూ ఉన్నాయి.

ఇప్పుడు శుద్ధి విషయానికొద్దాం. బెల్లం పాకం సంగతి వేరు గానీ, చక్కెర పాకం పట్టేటప్పుడు నాలుగు చుక్కల నిమ్మరసం పిండుతారు. ఆ పులుపు కొంత చక్కెరను గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడగొడుతుంది. అవి చక్కెర జాలకంలో ఇమడలేక, దాని ఎదుగుదలకు అడ్డుపడతాయి. పాకం గడ్డకట్టదు. 96 శాతం శుద్ధమైన మందులో ఉన్న 4 శాతం మలినాలు చేసేదీ అదే పని. వాటి నిర్మాణం మందు అణువుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి గట్టి రూపం పుట్టే చోట అంటుకుని దాన్ని పుట్టనివ్వవు. ప్రాసెస్ మెరుగై ప్యూరిటీ 99.8కి చేరాక, ఏ మూడో ఏడాదో ఒక బ్యాచ్‌లో ఆ రూపం ప్రత్యక్షమవుతుంది. మొదట దొరికింది గట్టిది కాకపోవడం సహజమే. గట్టి రూపం కన్నా తేలిగ్గా పుట్టే రూపం ముందొస్తుందని రసాయన శాస్త్రవేత్త ఆస్ట్‌వాల్డ్ 1897లోనే చెప్పాడు.

తలకిందులుగానూ జరగొచ్చు, మలినమే విత్తనమై కొత్త రూపాన్ని పుట్టించొచ్చు. హెచ్‌ఐవీ మందు రిటోనావిర్‌లో అలాగే జరిగిందని అంచనా. అబాట్ కంపెనీ దాన్ని 1996లో విడుదల చేసింది. కాప్స్యూల్‌లో మందు ఆల్కహాల్ ఉన్న ద్రావణంగా ఉండేది కాబట్టి స్ఫటికరూపంతో పనిలేదనుకున్నారు, తెలిసిందీ ఒక్క రూపమే. దాదాపు 240 లాట్లు (బ్యాచ్‌లు) బాగానే వచ్చాయి. 1998లో కాప్స్యూళ్లు డిసల్యూషన్‌లో ఫెయిలవడం మొదలైంది. లోపల రెండో రూపం అవక్షేపమై ఉంది. అది మొదటిదానికన్నా ఎన్నో రెట్లు తక్కువ కరుగుతుంది కాబట్టి, మొదటి రూపానికి సరిపోయిన ద్రావణం దీని లెక్కలో అతిసంతృప్తం. కాప్స్యూళ్లు ఆపేసి, కొత్త ఫార్ములేషన్ వచ్చేదాకా రోగులు చేదు ద్రవరూపంతో నెట్టుకురావాల్సి వచ్చింది. అణువులో కార్బమేట్ భాగం అరుదైన మెలిక తిరిగితేనే ఈ రెండో రూపం కడుతుంది, అందుకే అది అన్నాళ్లు పుట్టలేదు. అలాంటి మెలికే సహజంగా ఉన్న ఒక విఘటన పదార్థం దానికి అచ్చులా పనిచేసిందని తర్వాత తేల్చారు. అంతా వెతికేశామనుకున్న ఆ మందుకే 2022లో మూడో రూపం బయటపడింది, ద్రావణంలోంచి కాదు, కరిగించిన గాజులోంచి. పార్కిన్సన్స్ మందు రోటిగోటిన్ చర్మపు ప్యాచ్‌లలో 2008లో మంచు పువ్వుల్లాంటి స్ఫటికాలు కనబడి అమెరికాలో అమ్మకం ఆగింది, తిరిగి వచ్చింది 2012లో. ద్రావణం కదా, ప్యాచ్ కదా అని రూపాల వెతుకులాట మానేయడానికి ఈ రెండు ఉదాహరణల తర్వాత సాకు లేదు.

ఫ్లాస్క్ నుంచి రియాక్టర్‌కి

రూపం తేలాక దాన్ని ప్రతిసారీ అదే రూపంలో దించడమే క్రిస్టలైజేషన్ పని. మన సాల్ట్‌ను మిల్లీలీటరుకు 80 మి.గ్రా., అంటే గ్రాముకు 12.5 మి.లీ. సాల్వెంట్‌లో వేస్తే 58 డిగ్రీల వద్ద పూర్తిగా కరిగిందనుకోండి. నిమిషానికి 0.3 డిగ్రీల చొప్పున చల్లార్చితే దానంతటదే 38 దగ్గర పొగలా స్ఫటికమైంది. మధ్యలోని 20 డిగ్రీలే మెటాస్టేబుల్ జోన్, అంటే అతిసంతృప్తమైనా స్ఫటికం ఇంకా పుట్టని దశ. 38 దాకా ఆగితే ఏ రూపం పుడుతుందో, ఎంత సన్నగా పుడుతుందో మన చేతిలో ఉండదు. అందుకని 52 దగ్గర, అంటే జోన్‌లో మొదటి మూడో వంతులో, కావాల్సిన రూపం సీడ్ (విత్తనంగా పనిచేసే స్ఫటికాలు) 1 శాతం వేయాలి. పొడిగా కాదు, కొంచెం యాంటీ సాల్వెంట్‌లో (మందు కరగని ద్రవంలో) కలిపి స్లర్రీగా. గంట సేపు అక్కడే ఉంచాలి. తర్వాత 37 దాకా నిమిషానికి 0.1 డిగ్రీ, అక్కణ్నుంచి 5 దాకా 0.3. మొదట్లో స్ఫటికాల ఉపరితలం తక్కువ, ద్రావణంలోంచి వచ్చే పదార్థాన్ని మోయలేదు. తొందరపడితే ఆ మిగులు కొత్త సన్న రేణువులుగా పుడుతుంది. 5 డిగ్రీల వద్ద సాల్యుబిలిటీ 8 అయితే మదర్ లిక్కర్‌లో (స్ఫటికాలు తీసేశాక మిగిలే ద్రావణంలో) పోయేది పదో వంతు, దిగుబడి 90 శాతం. 1 శాతం సీడ్ మీద 90 వంతుల పదార్థం పేరుకుంటే రేణువు నిడివి నాలుగున్నర రెట్లు పెరుగుతుంది. 20 మైక్రాన్ల సీడ్ వేస్తే 90 మైక్రాన్ల పొడి రావాలి. వచ్చింది 30 మైక్రాన్లయితే ఎక్కడో కొత్త స్ఫటికాలు పుట్టాయన్నమాట.

సీడ్ వేయగానే కరిగిపోతే ఉష్ణోగ్రత ఎక్కువుందని అర్థం. సీడ్ వేయకముందే ద్రావణం పాలలా మసకబారి, కలియబెట్టడం ఆపితే చుక్కలుగా అడుగుకు చేరితే అది ఆయిల్ అవుట్. ఆ చుక్కలు మలినాలన్నిటినీ మింగి తర్వాత గడ్డలవుతాయి. గాఢత తగ్గించి, ఇంకా ముందే సీడ్ వేసి, యాంటీ సాల్వెంట్ నెమ్మదిగా పోయాలి.

లీటరు ఫ్లాస్క్ నుంచి 2000 లీటర్ల రియాక్టర్‌కి వెళ్తే, లీటరు ద్రావణానికి దక్కే గోడ వైశాల్యం పన్నెండు రెట్లకు పైగా తగ్గుతుంది. ఫ్లాస్క్‌లో వచ్చిన చల్లారే వేగం రావాలని రియాక్టర్ చుట్టూ ఉన్న జాకెట్‌లోకి సున్నా కన్నా చల్లని ఉప్పునీరు (బ్రైన్) వదిలితే గోడకు పొర కడుతుంది, అక్కడ పుట్టే రూపం మనం అడిగింది కాకపోవచ్చు. అందుకే ల్యాబ్‌లోనే ప్లాంట్ అందుకోగల నిదానపు రేటుతో రుజువు చేసుకోవాలి. సూదుల్లాంటి స్ఫటికాలైతే సెంట్రిఫ్యూజ్ గుడ్డ మీద చాపలా అల్లుకుని లిక్కర్‌ను పోనివ్వవు. ఆ తడి కేక్‌ను వేడి మీద ఆరబెడితే అందులో మిగిలిన సాల్వెంట్‌లో కొంత కరిగి మళ్లీ వేరే రూపంలో పేరుకుంటుంది.

హైడ్రేట్ అయితే ఆరబెట్టడమే సగం పని. మన హైడ్రోక్లోరైడ్ మోనోహైడ్రేట్ అనుకుంటే నీరు ఉండాల్సింది 3.96 శాతం. 60 డిగ్రీల వాక్యూమ్‌లో గంట ఎక్కువుంచితే అది 2కి పడిపోతుంది. మర్నాడు డ్రమ్ము తెరిచి తూకం వేస్తుంటే మళ్లీ పీల్చుకుంటుంది. ఒకే పొడిని ఏప్రిల్‌లో హైదరాబాద్ దగ్గరి పాశమైలారంలో తూచడం, సముద్రం పక్కన పరవాడలో జులైలో తూచడం ఒకటి కాదు. 80 శాతం తేమలో ఒక రోజు ఉంచితే 2 శాతం దాటి బరువు పెరిగే పొడిని యూరోపియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) హైగ్రోస్కోపిక్, అంటే తేమ పీల్చేది, అంటుంది. ఆ తరగతికి చెందితే గది తేమకు హద్దు పెట్టి బ్యాచ్ రికార్డులో రాయాలి. కార్బమజెపిన్ మాత్రలు తేమలో నిలవుంటే డైహైడ్రేట్‌గా మారి, శరీరానికి అందే మందులో మూడో వంతు దాకా పోతుందని అమెరికా నియంత్రణ సంస్థే హెచ్చరించింది. మూర్ఛ రోగి మాత్ర వేసుకున్నా ఫిట్స్ రావడమంటే ఇదే.

జెనరిక్ కంపెనీల్లో ఇదే వెతుకులాట పేటెంట్ కోసం తలకిందులుగా నడుస్తుంది. ఒరిజినల్ కంపెనీ పేటెంట్ తీసుకున్న రూపాన్ని తప్పించుకునే మరో రూపం కావాలి. మన దేశంలో 2005 సవరణ తర్వాత పేటెంట్ చట్టం సెక్షన్ 3(డి) ప్రకారం, తెలిసిన పదార్థానికి కొత్త పాలిమార్ఫ్ కనిపెట్టినంత మాత్రాన పేటెంట్ రాదు, గుణం మెరుగైందని చూపాలి. రక్త క్యాన్సర్ మందు ఇమాటినిబ్ మెసిలేట్ బీటా రూపం మీద నోవార్టిస్ వాదనను సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న తోసిపుచ్చింది ఈ సెక్షన్ ఆధారంగానే. బాగా కరగడం వేరు, బాగా నయం చేయడం వేరని తీర్పు సారం.

ఏ రూపం ఎంచుకున్నా, కొత్త రూట్‌తోనో మెరుగైన శుద్ధితోనో వచ్చిన ప్రతి బ్యాచ్ నుంచి 200 మి.గ్రా. పక్కకు తీసి నాలుగు సాల్వెంట్లలో రెండు వారాలు స్లర్రీ తిప్పాలి. సీడ్ నిల్వ 5 గ్రాములు, రెండు సీసాల్లో, రెండు గదుల్లో, ఆరు నెలలకోసారి ఎక్స్‌ఆర్‌డీతో సరిచూస్తూ ఉంచాలి. గట్టి రూపం కాక వేరే రూపంతో ముందుకెళ్లాలని నిర్ణయించుకున్నట్టయితే, గట్టి రూపం ఉన్న సీసాను ఆ బ్లాకులోకి రానివ్వకండి. బట్టల మీద అంటిన దుమ్ము కూడా సీడే.